ఆరున్నర చెప్పుల ఎత్తు

హైదరాబాదులో స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లకు అసలు శత్రువు పెట్రోలు ధర కాదు, ట్రాఫిక్ పోలీసూ కాదు. స్పీడ్ బ్రేకర్. ఈ సత్యం బోధపడడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. పాత యజమాని దగ్గర తాళాలు పుచ్చుకుని, ఎర్రటి రెండు సీట్ల కారులో మహారాణిలా బయలుదేరినదాన్ని, కొత్తగూడ దాటేలోపు మూడుసార్లు కడుపు గీకించుకున్నాను. గీసుకున్నది కారు కడుపే అయినా మూడుసార్లూ మూలిగింది నేనే.

పక్క సీట్లో మా ఆయన ఉన్నారు. బాచుపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. మూడో గీకుడికి కళ్లజోడు సర్దుకుని, "గీకించుకోడానికే అయితే మనింట్లో కొబ్బరి కోరాం ఉందిగా" అన్నారు. నేను రోడ్డు మీదే చూపు పెట్టి గేరు మార్చాను. జవాబు చెబితే కారు కొనడం తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. పదహారేళ్లు గుంటూరులోనూ, మరో పాతికేళ్లు ఈ ఊళ్లోనూ బుద్ధిగా బతికినదాన్ని. ఒక్క తప్పయినా నాకు నచ్చినట్టు చేసుకోవాలనిపించింది.

రెండు వారాలు తిరక్కుండానే ఓనర్ల క్లబ్బులో చేరాను. మొదటి రోజు ఒక పచ్చ కారాయన నన్ను పలకరించిన తీరు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నా కారు దగ్గరికి వచ్చి, రోడ్డు మీద మోకాళ్లేసి, కిందికి వంగి దాని కడుపు చూశాడు. ఆ తరవాతే లేచి నా మొహం చూశాడు. "అక్కా, గట్టిగనే తాకింది. ఫికర్ చెయ్యకు, అందరియి గిట్లనే ఉన్నయ్" అన్నాడు. మా క్లబ్బులో నమస్కారం అంటే ఇదేనని తరవాత తెలిసింది.

పాతిక మందిమి ఉంటాం. ఆదివారం తెల్లవారగానే గచ్చిబౌలిలో స్టేడియం దగ్గర కలుసుకుని, వరసగా ఔటర్ రింగ్ రోడ్డెక్కి, ఊరు దాటి ఎక్కడో ఒకచోట ఇడ్లీ తిని, ఎండ ముదిరేలోపు వెనక్కి వస్తాం. అలాంటి ఇడ్లీ మా సందు చివర కూడా దొరుకుతుంది. ఆ విషయం ఎవరం ఎత్తం. పేర్లతోనూ పనిలేదు, ఉద్యోగాలు అడగం. పచ్చ కారు, తెల్ల కారు, బెండకాయ రంగు కారు, అంతే. నేను ఎర్రక్కను. పచ్చ కారాయన మాత్రం తానేం చేస్తాడో తనే చెప్పేశాడు. రోడ్డు కాంట్రాక్టరు. వారమంతా మనుషుల్ని పెట్టి బ్రేకర్లు వేయించి, ఆదివారం వాటిని తిట్టడానికి మాతో వస్తాడు.

ఇక చెప్పుల సంగతి. క్లబ్బు పెట్టిన కొత్తలో ఒక బ్రేకరు ముందు అందరూ ఆగిపోయారట. దాటుతుందా దాటదా అని తర్జనభర్జన. కొలుద్దామంటే ఎవరి దగ్గరా టేపు లేదు. ఒకాయన కాలి హవాయి చెప్పులు విప్పి, ఒకదానిమీద ఒకటి పేర్చి, పక్కవాళ్లవీ అడిగి తీసుకుని పేర్చి, "నాలుగు చెప్పులు" అని తేల్చాడు. అప్పటినుంచి అదే మా కొలత. నేను చేరేనాటికి దానికొక పద్ధతి కూడా ఏర్పడింది. ఒకే రకం హవాయి చెప్పులు నాలుగు జతలు గుడ్డసంచీలో ఉంటాయి. మూడు చెప్పుల దాకా నిర్భయంగా వెళ్లొచ్చు. నాలుగైతే కారును ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రం ఎక్కించాలి. ఐదైతే పక్క సీట్లోవాళ్లు దిగి నడవాలి, బరువు తగ్గితే కారు వేలెడు పైకి లేస్తుంది. ఆరైతే వెనక్కి తిరిగి వేరే దారి చూసుకోవాలి.

మా ఆయన ఒకే ఒక్క ఆదివారం వచ్చారు. తొమ్మిదిసార్లు దిగారు. "పెళ్లయిన కొత్తలో బస్సు దొరక్క నడిచాం. ఇప్పుడు కారు దొరికి నడుస్తున్నాం" అన్నారు. మళ్లీ రాలేదు. వచ్చే దారిలో చర్చి దగ్గర దిగిపోయి, తన పాటల పుస్తకం పట్టుకుని, దేవుడు తనను కాపాడినంత ఆనందంగా లోపలికి వెళ్లారు.

చేరిన ఆరు నెలలకే బ్రేకర్ల పుస్తకం, చెప్పుల సంచీతో సహా, నా చేతికొచ్చింది. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం, కాబట్టి నాకంటే తగినవాళ్లు దొరకలేదు. నల్ల అట్ట పుస్తకం. పేజీకి నాలుగు గడులు: ఎక్కడ, ఎన్ని చెప్పులు, ఎలా దాటాలి, అభిప్రాయం. నా ప్రతాపమంతా ఆ నాలుగో గడిలో చూపించేదాన్ని. 'వేసినాయన్ను దీనిమీదే పడుకోబెట్టి లేపాలి.' 'ఇది బ్రేకరు కాదు, సమాధి.' 'పైన జెండా పాతితే కొండ.' ఇడ్లీలు వచ్చేలోపు వీటిని పైకి చదవమనేవాళ్లు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. నాకూ ఆఫీసులో దొరకని కీర్తి అక్కడ దొరికింది.

కొలవడం మాత్రం సులువు కాదు. ఒక ఉదయం కొండాపూర్ వైపు కొత్త బ్రేకరు పడిందని తెలిసి వెళ్లాను. రోడ్డు పక్కన గొంతుకూర్చుని ఎనిమిది చెప్పులూ పరిచి, స్కేలు బ్రేకరు మీద ఆనించి ఒంటి కన్నుతో చూస్తున్నాను. ఎవరో నీడగా నిలబడ్డారు. తలెత్తితే ఒక ముసలావిడ. "జత ఎంతకిస్తవ్ బిడ్డా?" అంది. అమ్మడానికి కాదమ్మా అన్నాను. "మరి రోడ్డుమీద ఎందుకు పెట్టినవ్?" అని గట్టిగానే కోప్పడి వెళ్లిపోయింది. పుస్తకం తెరిచి చూస్తే ఆవిడ ప్రశ్నకు తగిన గడి అందులో లేదు.

మా క్లబ్బులో ముందు కారుగా నడపడమన్నది పెద్ద గౌరవం. దానికి డబ్బూ హోదా పనికిరావు. ఏడాదిపాటు వరసలో చివరి కారుగా ఉండాలి. దారిలో ఎవరి కారు ఆగినా చివరి కారు వాళ్లతో ఆగిపోవాలి, వాళ్లను వదిలి రాకూడదు. ఆ ఏడాదిలో నేను తిన్నవన్నీ చల్లారిన ఇడ్లీలే. పంక్చర్లకు, వేడెక్కిన ఇంజన్లకు, ఒకసారి వాంతి చేసుకున్న కుక్కపిల్లకు కూడా కాపలా కాశాను. ఏడాది పూర్తయింది. క్లబ్బు వార్షికోత్సవం రోజు ముందు కారు నాదని తేల్చారు. క్లబ్బులో అప్పటిదాకా ముందు కారు నడిపిన ఆడవాళ్లు లేరు. పైకి మామూలుగా ఉన్నాను గానీ లోపల చిన్నపిల్లలా గంతులేశాను. కొత్త కళ్లజోడు కొన్నాను. కారును మూడుసార్లు తుడిచాను. ఇంత సంబరం మా పెళ్లికి కూడా పడలేదని మా ఆయన అన్నారు. నిజమే, పెళ్లికి నేను ముందు నడవలేదుగా.

వార్షికోత్సవానికి ఇంకా ఆరు రోజులున్నాయి. సోమవారం సాయంత్రం ఆఫీసు బస్సు దిగి మా సందులోకి తిరిగాను. కాలికి ఏదో తగిలి తూలాను. కిందికి చూస్తే బ్రేకరు. పొద్దున లేదు. పచ్చి సిమెంటు, చుట్టూ ఇటుకలు, పైన గోనెపట్టా. మెయిన్ రోడ్డుకూ మా అపార్ట్‌మెంటు గేటుకూ మధ్య, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా.

సంచీ తెచ్చి అక్కడే కూర్చుని పేర్చాను. ఆరు చెప్పులు పేర్చినా బ్రేకరే పైన ఉంది. ఏడో చెప్పు సగం. ఆరున్నర. నా పుస్తకంలో అంత ఎత్తుది ఇంకోటి లేదు. ఆరైతే వేరే దారి చూసుకోవాలని పుస్తకంలో ఎన్నిసార్లో రాసింది నేనే. మా సందుకు వేరే దారి లేదు. వెనక బండరాళ్ల గుట్ట, దానికి గోడ. కారు లోపల ఉండిపోయింది. ఏడాది పొడవునా ఊరందరి బ్రేకర్లూ కొలిచి, చివరికి ఏనుగు పోయి తోక చిక్కినట్టు నా ఇంటి ముందే చిక్కాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. కోపంతో అలమార తలుపులన్నీ గట్టిగా వేశాను.

ఎవరు వేయించారని మా ఆయన్ను అడిగాను. అపార్ట్‌మెంటు కమిటీ అన్నారు. ఎవరడిగారట అన్నాను. ఆయన పేపరు మడిచి నావైపు చూశారు. "నువ్వే."

"నేనా?"

"గేటు దగ్గరమ్మాయి కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగింది కదా. నువ్వు చెవిలో ఫోను పెట్టుకుని, తలుపు సందులోంచి చెయ్యి బయటపెట్టి సంతకం చేశావు. మొదటి సంతకం నీదే. నీది చూసి మిగతావాళ్లు పెట్టారు."

తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి జారుకున్నాను. ఏ కాగితమో చూడకుండా సంతకం పెట్టడం! ఆఫీసులో ఇంకెవరైనా ఆ పని చేస్తే నేను వాళ్లను వదలను.

క్లబ్బు గ్రూపులో ఫోటో పెట్టాను. చెప్పులు పేర్చిన ఫోటో. నిమిషంలో పాతిక ఏడుపు మొహాలు వచ్చాయి. పచ్చ కారాయన మాత్రం ఫోను చేశాడు. "అక్కా, పరేషాన్ గాకు. శనివారం మధ్యాహ్నం మా పోరల్ని పంపిస్త. గ్రైండరు పెట్టి మూడు చెప్పులకు దించుతరు. పది నిమిషాల పని. అందరు తిని పండుకునే టైం, ఎవ్వలు చూడరు."

"కమిటీవాళ్లు అడిగితే?"

"మున్సిపాలిటోళ్లు అనుకుంటరు. మున్సిపాలిటోళ్లు కమిటీ అనుకుంటరు. నా అనుభవం అక్కా అది."

సరే అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ముందు కారు నాది, సంతకం నాది, బ్రేకరు కూడా నాదే అనుకున్నాను. అడ్డు చెప్పగలిగింది గేటు దగ్గర కాపలా ఉండే అక్క ఒక్కతే. పగలంతా డ్యూటీలో ఆమే ఉంటుంది. ముందుగా ఒక మాట చెప్పి ఉంచితే గొడవ ఉండదు కదా అని శనివారం పొద్దున్నే కిందికి దిగాను.

మా ఆయన అమ్మాయి అంటారు గానీ ఆమెకు నా వయసే ఉంటుంది. నారాయణపేట వైపు నుంచి వచ్చింది. భర్త ఎదురుగా కడుతున్న టవర్లో పని. మా గేటుకు ఎదురుగా ఆ కూలీల రేకుల షెడ్లు. వాళ్ల పిల్లలు మా ప్రహరీ పక్క దారిలోంచి సర్కారు బడికి వెళతారు. అంటే సందు దాటి రావాలి. సందులోకి వచ్చే వాటర్ ట్యాంకర్లూ డెలివరీ బళ్లూ ఎవరినీ చూసే రకం కాదు. రోజూ పొద్దున బడి వేళకు ఆమె సందు మధ్యలో రెండు చేతులూ బారజాపి నిలబడేది. నేను చాలాసార్లు చూశాను. చూడడమే కాదు, ఒకసారి ఆలస్యమవుతోందని నా ఎర్ర కారులోంచి హారన్ కూడా కొట్టాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, కొట్టాను.

ఆ శనివారం ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతోంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చో అక్కా అన్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, బ్రేకరు బాగా ఎత్తుగా వేశారు కదా అన్నాను.

"ఎత్తుగనే ఉండాలమ్మా. జర తక్కువుంటే ట్యాంకరోడు ఆగడు." చెప్పులోంచి కుడి పాదం తీసి చూపించింది. బొటనవేలికి గోరు లేదు. "గా డెలివరీ పోరగాడు బండి ఎక్కించిండు. పోరగాండ్ల మీదికి వస్తుంటే నేను అడ్డం పోయిన. దవాఖానకు పోయి కట్టు కట్టించుకుని మల్లా వచ్చి నిలవడ్డ. ఇంకెవ్వలు నిలవడుతరు?"

ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

"మూడేండ్లయింది నేను ఈడికొచ్చి. గీ యాల్లకు నా చాయ్ ఎప్పుడు సల్లారేదే. గీ బ్రేకరు వచ్చినంక కూసొని తాగుతున్న. వేడివేడిగ." నవ్వింది. "సంతకం మొదలు మీరే పెట్టిర్రు. గందుకే మిగతోళ్లు పెట్టిర్రు. మా పోరగాండ్లకు చెప్పిన, ఎర్రకారు మేడం ఏపిచ్చిందని."

అంతలో షెడ్లలోంచి పిల్లలు వచ్చారు. ఒక పెద్దపిల్ల చంకలో చిన్నవాడు, వెనక బ్యాగులు ఊపుకుంటూ మిగతావాళ్లు. మెయిన్ రోడ్డు మీంచి ఒక ట్యాంకరు తిరిగింది, బ్రేకరు దగ్గర మూలుగుతూ ఆగినంత పనిచేసింది. పిల్లలు దాటేశారు. ఆమె కుర్చీలోంచి కదల్లేదు. నాకు ఒళ్లంతా సిగ్గేసింది. లిఫ్టు ఎక్కకుండా మెట్లమీదే కూర్చుని కాసేపు ఏడ్చాను. సంతోషమా, అవమానమా, సోమవారం నుంచి మోసిన కోపమా, నేను విడదీసి చెప్పలేను.

పచ్చ కారాయనకు ఫోను చేసి వద్దన్నాను.

"ఏందక్కా, నువ్వేనా మాట్లాడేది? రేపు ముందు కారు నీది గద!"

"బ్రేకరు మీద చెయ్యి వేయొద్దు తమ్ముడూ. ఒక్క చెప్పు కూడా తగ్గడానికి వీల్లేదు."

పక్కనున్న కుర్రాళ్లకు పని లేదని కేకేసి చెప్పాడు. తరవాత, "పొద్దుగాల జల్ది రా. బైకు టాక్సీ పట్టుకోని అయినా రా" అన్నాడు.

ఆదివారం కొత్త కళ్లజోడు పెట్టుకుని, పుస్తకం సంచీలో వేసుకుని, బ్రేకరు కాలినడకన దాటి, బైకు టాక్సీ వెనక కూర్చుని స్టేడియం దగ్గరికి వెళ్లాను. మిగతా కార్లన్నీ వరసగా ఉన్నాయి. కారు లేకుండా వచ్చిన ముందు కారు నేనొక్కదాన్నే. బెండకాయ రంగు కారాయన నవ్వబోయి ఆపుకున్నాడు. పచ్చ కారాయన తన కారు వరస ముందుకు తెచ్చి, పక్క తలుపు తీశాడు. "ముందు కారు అక్కదే. నేను డ్రైవర్ని" అన్నాడు అందరికీ వినబడేలా. థాంక్స్ చెప్పడానికి బదులు సీటు బెల్టు సరిగా లేదని దెప్పాను.

సీటెక్కి ఐదు నిమిషాలు కాకముందే ఐదు చెప్పుల బ్రేకరు వచ్చింది. అతను నావైపు చూశాడు. నేను పుస్తకంలో పేజీ పేజీకీ రాసిన రూలు. పక్క సీటువాళ్లు దిగి నడవాలి. దిగాను. వెనక కార్లన్నీ ఆగాయి, వార్షికోత్సవపు ముందు కారు నడుచుకుంటూ వెళ్లింది. ఔటర్ ఎక్కేలోపు నాలుగుసార్లు, దిగాక మళ్లీ ఐదుసార్లు. మా ఆయన లెక్క సరిపోయింది.

అలా దిగినప్పుడే ఒకటి కంటబడింది. ప్రతి బ్రేకరు దగ్గరా నాతోపాటు ఎవరో ఒకరు రోడ్డు దాటుతున్నారు. టిఫిను డబ్బాతో హౌస్‌కీపింగ్ చీరలో ఒకామె. నైట్ డ్యూటీ దిగిన నర్సులు ఇద్దరు. పాల ప్యాకెట్లతో ఒక తాత. బళ్లు నెమ్మదించే చోటు అదొక్కటే, కాబట్టి వాళ్లంతా అక్కడే దాటుతారు. ఇన్నాళ్లూ ఈ బ్రేకర్లన్నిటి మీదా పడుకుని, ఒంటి కన్నుతో కొలిచినదాన్ని, పైన నడిచేవాళ్లను ఒక్కసారి చూడలేదు. కారు కడుపు చూస్తే చాలనుకున్నాను.

ఇడ్లీల దగ్గర పుస్తకం చదవమన్నారు. ఈ వారం అభిప్రాయాలు లేవన్నాను. స్కేలు అడిగి తీసుకుని, ప్రతి పేజీలోనూ ఒక గీత గీసి ఐదో గడి చేశాను. పైన 'ఎవరు దాటుతారు' అని రాశాను. ఎందుకని ఎవరూ అడగలేదు. తెల్ల కారాయన మాత్రం కొంచెం ఆలోచించి, తమ కాలనీ బ్రేకరు దగ్గర రోజూ ఒక ఐస్‌క్రీం బండి దాటుతుందని చెప్పాడు. రాసుకున్నాను.

నా కారు సంగతంటారా, దానికి ఉపాయం చెప్పింది గేటు దగ్గర అక్కే. "ఎదురు సైటుల స్లాబుకు కొట్టే సెంట్రింగ్ చెక్కలు లేవా? గవి ఏసి తోపుడు బండ్లు ఎక్కిస్తరు గద, కారెక్కదా?" రోడ్డు కాంట్రాక్టరుకూ, నాకూ, పాతిక మంది మేధావులకూ తట్టని మాట. ఒక సాయంత్రం క్లబ్బువాళ్లు ఎనిమిది మంది వచ్చి బ్రేకరుకు అటూ ఇటూ చెక్కలు వాలుగా పేర్చి పట్టుకున్నారు. ట్యాంకరు ఒకటి హారన్ కొడుతూ వచ్చింది. అక్క కుర్చీలోంచి లేచి, సందు మధ్యకు వెళ్లి, రెండు చేతులూ బారజాపింది. ట్యాంకరు ఆగింది. నేను చక్రం చక్రం ఎక్కించి దించాను. ఆమె చేతుల మధ్య నుంచి, ఆ పిల్లల్లాగే, నేనూ ఇవతలికి వచ్చాను. నా మీద ఎవరూ హారన్ కొట్టలేదు.

ప్రతి వారం ఎనిమిది మందిని పిలవలేం కదా. ఇప్పుడు కారు కొత్తగూడలో పచ్చ కారాయన షెడ్డులో ఉంటోంది. ఆదివారం తెల్లవారగానే సంచీ భుజాన వేసుకుని నడిచి వెళతాను. అక్క కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతూ ఉంటుంది. గేటులోంచి వెళ్లే అందరికీ లేచి నిలబడుతుంది, నాకు మాత్రం లేవదు. గ్లాసు కొంచెం ఎత్తి చూపిస్తుంది. మా సందు పేజీ నేనే రాశాను. ఎత్తు, ఆరున్నర చెప్పులు. ఎలా దాటాలి, నడిచి. అభిప్రాయం, ఖాళీ. ఎవరు దాటుతారు: పదకొండు మంది పిల్లలు, చంకలో ఒకడు, ఆదివారాలు నేను.